తూమెత్తే వేళ

మంచు ఇంకా విడలేదు. నేలపట్టు చెరువు గట్టు మీద ఒక కుర్రాడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చెవులకు మఫ్లరు, మెడలో బైనాక్యులర్, మోకాళ్ల మీద నోటుబుక్కు. ఎదురుగా నీళ్లలో మొలలోతు మునిగి కడప చెట్లు నిలబడ్డాయి. వాటి కొమ్మలు సరిగ్గా కనబడవు. కనబడేదంతా గూడబాతులే. ఒక్కోటి నాలుగైదు కిలోల పిట్ట. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు ఎనిమిది అడుగులు. అంత పిట్ట అంత సన్నటి కొమ్మ మీద ఎలా ఆగుతుందో చూసినవాళ్లకు కూడా నమ్మబుద్ధి కాదు.

తూర్పు నుంచి ఒకటి వచ్చింది. పులికాట్ వైపు నుంచి. గూటి అంచున దిగి, రెక్కలు ముడిచి, ముక్కు కిందికి వంచి తెరిచింది. ముక్కు కింద వేలాడే సంచిలోకి పిల్ల తల దూర్చింది. తల, మెడ, భుజాల దాకా. దూరం నుంచి చూసేవాళ్లు తల్లి పిల్లను మింగుతోందనుకుంటారు. లోపల సగం అరిగిన చేప ఉంటుంది, పిల్ల దాన్ని దేవుకుని తింటుంది. పెద్ద పిట్టలు అంతగా గొంతెత్తవు, గోలంతా పిల్లలదే. కుర్రాడు గడియారం చూసుకుని టైం రాసుకున్నాడు.

"ఏందబ్బయా, నిన్న లెక్కబెట్టినోడివి మళ్లా లెక్కబెడతా ఉండావే? రాత్రికి రాత్రి పెరుగుతాయా ఏంది?"

వెనక చేతికర్ర పట్టుకుని ఊరి పెద్దాయన.

"పెరిగితే మంచిదే తాతా. తగ్గితేనే బెంగ."

"తగ్గవులే. చెరువులో నీళ్లున్నన్నాళ్లు యాడికీ పోవు."

కుర్రాడు నోటుబుక్కులో ఆ మాట కూడా రాసుకున్నాడు.

కాలం 1980ల మొదటి సంవత్సరాలు. ఈ కుర్రాడూ ఈ తాతా నేను కూర్చుకున్న మనుషులు, వాళ్ల మాటలూ నావే. చెరువు నిజం, చెట్లు నిజం, లెక్క నిజం. ఆ రోజుల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి వి. నాగులు అనే పరిశోధకుడు నేలపట్టు గూడబాతుల తిండి మీద, సంతానోత్పత్తి మీద పీహెచ్‌డీ చేశారు. జె.వి. రమణారావుతో కలిసి ఆయన రాసిన దక్షిణ భారత గూడబాతు స్థావరాల సర్వే 1983లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. కొద్ది పేజీల వ్యాసం. అన్ని పేజీలకు ఎన్ని చెరువు గట్లు తిరగాలో లెక్క వేసుకోండి.

మేముండేది హైదరాబాదు శివారు నాగారంలో. ఈసీఐఎల్, మల్లాపూర్, నాచారం మీదుగా బస్సు హబ్సిగూడ దాటగానే ఉస్మానియా చెట్లు మొదలవుతాయి. ఏళ్ల తరబడి ఆ దారినే పోయాను. ఆ గోడ వెనక కూర్చుని ఒకాయన గూడబాతు గుడ్ల లెక్క రాశాడని నాకు చాలాకాలం తెలియదు. ఉస్మానియా అంటే మనకు ఆర్ట్స్ కాలేజీ మెట్లు, ఉద్యమాలు, హాస్టళ్లు. గుడ్ల లెక్క ఎవరికి గుర్తొస్తుంది?

అసలు గూడబాతుల లెక్క ఎందుకు? ఎందుకంటే, అవి మాయమైపోతూ వచ్చాయి. అదీ ఒకసారి కాదు.

1902లో హోవర్డ్ క్యాంప్‌బెల్ అనే ఆయన కడప జిల్లా బుచ్చుపల్లెలో గూడబాతులు గూళ్లు పెట్టడం చూశాడు. పక్కనే ఎర్రకాళ్ల కొంగల గూళ్లు. ఆ తర్వాత ఆ స్థావరం మళ్లీ ఎవరికీ దొరకలేదు. ఊరుంది, పిట్టల్లేవు. నలభై ఏళ్లకు పైగా గడిచాక, 1946లో, కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో మరో స్థావరాన్ని కనిపెట్టాడు. 'ఇందుచూడన్' పేరుతో మలయాళంలో పక్షుల మీద పుస్తకం రాసిన మహానుభావుడాయన. కేరళ మనిషి వచ్చి మన గోదావరి జిల్లా పిట్టల్ని ప్రపంచానికి చూపించాడు. కొల్లేటికి ఎగిరి వెళ్లి చేపలు పట్టుకొచ్చి ఊళ్లోని చెట్ల మీద పిల్లల్ని పెంచుకునేవి ఆ పిట్టలు. 1960లో ఇ.పి. గీ ఈ పక్షి సంతానోత్పత్తి మీద ఆ బాంబే సొసైటీ పత్రికలోనే రాశాడు. ఇక భయం లేదనుకున్నారు.

1970ల చివర్లో అదే పత్రికలో ఎస్.ఎన్. గుత్తికర్ పేరు మీద ఒక చిన్న రచన వచ్చింది. దాని శీర్షికను తెలుగులో చెప్పుకుంటే 'పోగొట్టుకున్న గూడబాతు స్థావరం'. అంతే. గోదావరి పిట్టలు కూడా వెళ్లిపోయాయి.

పోలీసు భాషలో చెప్పాలంటే ఇది మిస్సింగ్ కేసు. కనపడనివాటి ఫోటోలున్నాయి, చివరిసారి చూసిన చోటు తెలుసు, సాక్షులున్నారు. ఇలాంటి కేసులో దర్యాప్తు అధికారి మొదట చేసే పని, మిగిలినవాళ్లెక్కడున్నారో వెతకడం. నేలపట్టు ప్రాముఖ్యం అదీ. నెల్లూరు జిల్లాలో, దొరవారిసత్రం దగ్గర, మద్రాసు రోడ్డుకు కూతవేటు దూరంలో ఉన్న ఈ చెరువులో గూడబాతులు గూళ్లు పెడుతున్నాయని 1970 ప్రాంతంలో బయటి లోకానికి తెలిసింది. 1976లో సుమారు 459 హెక్టార్ల నేలను అభయారణ్యంగా ప్రకటించారు. అదే ఏడాది పులికాట్‌నూ ప్రకటించారు. ఇప్పుడీ ఊరు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పిట్టలకు జిల్లా సరిహద్దుతో పనేముంది?

పరిశోధకుడు వచ్చిన చోట అప్పటికే బోర్డు ఉంది, వాచర్లున్నారు, చట్టం ఉంది. ఇంకేం కావాలి? అక్కడే కథ అసలు మలుపు తిరుగుతుంది.

గూడబాతు మూడు, నాలుగు గుడ్లు పెడుతుంది. సున్నం పూసినట్టు తెల్లగా ఉంటాయి, రోజులు గడిచేకొద్దీ మట్టి కొట్టుకుపోతాయి. పొదగడానికి 30 నుంచి 33 రోజులు. పిల్లలు గూటిలోనో, దాని పక్కనో మూడు నుంచి ఐదు నెలలు ఉంటాయి. కూడండి. గుడ్డు పెట్టిన నాటి నుంచి పిల్ల తన రెక్కల మీద తాను బతికేదాకా నాలుగు నెలలు తక్కువ కాదు, ఆరు నెలలు కూడా పట్టొచ్చు. నెల్లూరు సీమలో చెరువులు నిండేది అక్టోబరు, నవంబరులో, ఈశాన్య రుతుపవనాలకు. చెరువు నిండాకనే గూడు. అంటే సంక్రాంతి వెళ్లిపోయి, మాఘమాసం చివర శివరాత్రి దాటి చలి శివశివా అంటూ పోయినా ఆ చెట్ల కింద నీళ్లుండాలి.

ఆ నీళ్లే కింద పొలాలకు కావాలి.

గట్టు మీదికి మళ్లీ వెళ్దాం. ఫిబ్రవరి అనుకోండి. నీటిమట్టం ఒక చెయ్యి దిగింది. కడప చెట్ల మొదళ్ల మీద పాత నీటి గీత తడిగా కనిపిస్తోంది. కుర్రాడు తూము దగ్గర నిలబడ్డాడు.

"తాతా, ఇంకో నెల ఆగితే?"

"ఇంకో నెలాగితే మా నారు ఎండిపోదా అబ్బయా? నీ పిట్ట ఎగిరిపోద్ది, నా గింజ ఎగరలేదు గదా."

"నీళ్లు తగ్గితే కుక్కలు, నక్కలు చెట్టు కిందికి నడిచొస్తాయి."

"అది నాకు తెలవదా? చెట్టు కింద నీళ్లే దానికి కంచె." పెద్దాయన కాసేపు ఊరుకున్నాడు. "ఇంగో మాట చెప్తా, రాసుకో. ఈ చెరువు నీళ్లకి మేము యూరియా ఎయ్యం. పైన ఆ తల్లులు ఏస్తాయి."

మాటలు నావైనా, సంగతి మాత్రం నేలపట్టు రైతులు ఇవాళ్టికీ చెప్పేదే. వేల పిట్టల రెట్ట కలిసిన నీళ్లు పొలానికి ఎరువు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ ఇదే మాట, కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులోనూ ఇదే. కొండంత చట్టం చేసినా రాని కాపలా ఆ ఎరువు తెచ్చిపెట్టింది. రైతు లాభం చూసుకున్నాడు, పిట్ట బతికింది. ఇందులో ఎవరూ త్యాగం చెయ్యలేదు, అందుకే ఇన్నేళ్లు నిలిచింది.

చిత్తడి నేలల నిర్వహణ అన్న పెద్దమాటకు నాకు అర్థమైన తెలుగు ఇదే: తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి. అమెరికాలో నీటిపక్షుల కోసం పెంచే మడుగుల్లోనూ నిపుణులు తల బద్దలు కొట్టుకునేది దీని మీదే. ఏ వారంలో నీరు తీస్తే ఏ గడ్డి మొలుస్తుంది, ఆ గింజ ఏ బాతుకు పనికొస్తుంది అని. 1938లో కెనడాలోని మానిటోబాలో డెల్టా మడుగు ఒడ్డున పరిశోధనా కేంద్రం పెట్టి, విశ్వవిద్యాలయ విద్యార్థులను తెచ్చి గట్ల మీద కూర్చోబెట్టారు. ఆల్డో లియోపోల్డ్ శిష్యుడు హాక్‌బామ్ దాన్ని నడిపాడు. ప్రొఫెసర్లు చెప్పింది రాసుకోవడం కాదు, బాతు చేసింది రాసుకోవడం అక్కడి చదువు. చెరువు నీళ్లు పంచే మన నీరటికాడికి ఈ విద్య తాత ముత్తాతల నాటిది. కాకపోతే ఆయన లెక్కలో మడికట్లుండేవి, బాతులుండేవి కావు. పరిశోధకుడు ఆ లెక్కలో పిట్టను కూడా ఒక ఆయకట్టుదారుగా చేర్చాడు.

నేలపట్టులో అటవీశాఖ కడప మొక్కలు నాటించింది. చెరువులో మట్టిదిబ్బలు పోసి తుమ్మ చెట్లు పెంచారు. ఇవి గూటి సంగతులు. రెండో సంగతి తిండి. గూడబాతు నేలపట్టులో పిల్లల్ని కంటుందే గాని కడుపు నింపుకునేది అక్కడ కాదు. ఇరవై కిలోమీటర్ల దూరంలో పులికాట్, చుట్టుపక్కల ఊరూరా చెరువులు. బోర్డు పెట్టిన చోట పిట్ట పడుకుంటుంది, బోర్డు లేని చోట తింటుంది. గూటిని కాపాడి కంచాన్ని వదిలేస్తే ఏమవుతుందో 2021 చివర్లో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చూశాం. ఊరివాళ్లు పురిటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకునే గూడబాతులు చెట్ల మీంచి రాలిపోయాయి. కడుపులో పురుగులు. చేపల ద్వారా వచ్చినవి. చెట్టెక్కి ఎవరూ కొట్టలేదు, ఎవరూ గుడ్లు దొంగిలించలేదు.

పనిలో పనిగా ఒక చిన్న ముచ్చట. ఆ పరిశోధన రోజుల్లోనే, పులికాట్ అవతల శ్రీహరికోటలో మన తొలి ఉపగ్రహ వాహక రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3ని పరీక్షిస్తున్నారు. 1979 ఆగస్టు, 1980 జులై, 1981 మే, 1983 ఏప్రిల్. నాలుగు ప్రయోగాలూ గూళ్ల కాలం ముగిసిపోయాకో, ముగుస్తుండగానో జరిగాయి. పిట్టల్ని చూసి పెట్టిన ముహూర్తాలు కావు లెండి. అయినా దేశమంతా ఆకాశం వైపు చూస్తున్న కాలంలో, అదే ఆకాశం కింద ఒకరు పిట్ట ముక్కులోంచి పడిన చేపను గుర్తుపట్టే పనిలో ఉన్నారన్న ఊహ నాకు ఇష్టం.

లెక్క కట్టకుండా ఆజ్ఞలు జారీ చేస్తే ఏం జరుగుతుందో అప్పుడే ఉత్తరాదిన తేలింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ మడుగుల్లోకి గేదెలు రాకూడదని 1982లో నిషేధం పెట్టారు. తరతరాలుగా అక్కడే మేపుకునే ఊళ్లవాళ్లు తిరగబడ్డారు. పోలీసులు కాల్చారు. మనుషులు చచ్చిపోయారు. ఇంతా చేసి, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు పదేళ్లు, 1980 నుంచి 1990 దాకా, ఆ మడుగుల్లో కూర్చుని తేల్చిందేమిటి? గేదెలు పోయాక నీటిగడ్డి అడ్డూ ఆపూ లేకుండా పెరిగింది, మడుగు కమ్ముకుపోయింది, బాతులు దిగడానికి తెరిపి నీళ్లు లేకుండా పోయాయి. గేదె శత్రువు కాదు, జీతం లేని కూలీ. ఆ నివేదిక తప్పు ఒప్పుకోలులాంటిదే. మేత ఆపాలన్న వాదనలో ముందు ఆ సొసైటీకీ భాగముంది మరి. అది చదివినప్పుడు వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. కాల్పుల్లో పోయినవాళ్లు మాత్రం దాన్ని చదవలేరు.

కొల్లేరు కథ దీనికి తిరగేసిన బొమ్మ.

1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి కొల్లేట్లో చేపల చెరువులు తవ్వించింది. పేదలకు బతుకుతెరువన్నారు. పేదల వెనక పెట్టుబడి వచ్చింది, పెట్టుబడి వెనక పొక్లెయినర్లు వచ్చాయి. 1999 అక్టోబరులో ఐదో కాంటూరు (నేల ఎత్తును చూపే గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యమన్నారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రాంసర్ జాబితాకెక్కింది. జాబితాలో పేరుంది, సరస్సులో గట్లున్నాయి. 2006లో సుప్రీంకోర్టు కదిలింది. ఆ వేసవి కొల్లేటి లంకల్లో పుట్టినవాళ్లెవరూ మరిచిపోరు. పొక్లెయినర్లు గట్లను తెగ్గొట్టాయి, లొంగని చోట మందుగుండు పెట్టారు. ధన్‌మని శబ్దం, బురద గాల్లోకి లేచి పడటం, గండిలోంచి నీరు దూకడం. వెయ్యికి పైగా చేపల చెరువులు పోయాయి. ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్లు శాపనార్థాలు పెట్టారు. తమకు చెరువులు తవ్వమని చెప్పిందీ, ఇప్పుడు పేల్చిందీ ఒకే సర్కారు అన్నది వాళ్ల కోపం. అది అన్యాయమైన కోపమని నేనననలేను. రెండేళ్లకే, 2008లో, అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభే తీర్మానించింది. ఒక్క చేత్తో పేల్చడం, ఇంకో చేత్తో కుదించమనడం!

ఈ రచ్చంతా నడుస్తుండగా కైకలూరు పక్కన ఆటపాకలో చప్పుడు లేకుండా ఇంకోటి జరిగింది. గూడబాతులు తిరిగొచ్చాయి. ఆరేడు వదిలి, గోదావరి జిల్లా చెట్లన్నీ వదిలి వెళ్లిన జాతే. చెట్లు చాలకపోతే అటవీశాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతింది. గూడబాతు ఇనుము మీద గూడు పెడుతుందా? పెట్టింది. పుల్లలు ఏరుకొచ్చి, పరుచుకుని, గుడ్లు పెట్టేసింది. ఆ ఫోటో మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. మన నగరాల్లో స్తంభాల మీద లేచిన అపార్ట్‌మెంట్లలాగే ఉంది. ఇవాళ ఈ జాతికి ప్రపంచంలోని పెద్ద స్థావరాల్లో ఆటపాక ఒకటి. 2007లో ఈ పక్షిని అంతర్జాతీయ ప్రమాద జాబితాలో ఒక మెట్టు కిందికి దించారు. ప్రమాదం తప్పిందని కాదు, కొంచెం తగ్గిందని.

మొన్న చలికాలంలో మా ఇంటికి దగ్గరి చెరువు మీద మూడు గూడబాతులు దిగాయి. గుర్రపుడెక్క కమ్మేయగా మిగిలిన కాస్త నీళ్లలో, పడవల్లా, వరసగా. వాకింగుకొచ్చిన వాళ్లు ఫోన్లు తీశారు. "కొంగలా?" అని ఒకరు, "బాతులు గాదా?" అని ఇంకొకరు. ముక్కు మీద వరసగా చుక్కలు కనబడేదాకా నేను గట్టు వెంట నడిచాను.

ఆ గట్టు మీదే టీ బండి పక్కన ఒక ముసలాయన కూర్చునుంటాడు. పాత నాగారం మనిషి. ఆయన తండ్రి ఈ చెరువుకు నీరటి. ఆ సంగతి తెలిసి, ఎప్పటినుంచో అడగాలనుకున్నది అడిగాను.

"తాతా, ఈ చెరువుకు తూమెక్కడుండె?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. నా చెప్పుల వైపు, వాటి కిందున్న సిమెంటు రోడ్డు వైపు, రోడ్డు కిందికి వరసగా దిగిపోయిన ఇళ్ల వైపు చూశాడు.

"నువ్వు నిలబడ్డది దాని మీదనే సారూ. గా ఇండ్లన్నీ ఆయకట్టు. ఇంక ఎత్తితే ఎవరికి పార్తది నీళ్లు?"

నీళ్ల మీద మూడింటిలో ఒకటి ముక్కు ముంచి పైకెత్తింది. సంచి నిండా నీళ్లు. తల వంచి మెల్లగా అంతా వంపేసింది. లోపల చేప లేదు. మళ్లీ ముంచింది.